రాతినార సంబంధ క్యాన్సర్ నిర్ధారణ: అణుస్థాయి జీవసూచికల పాత్ర, పరిమితులు

రాతినార (ఆస్బెస్టాస్) పోగులు శ్వాసతో లోనికి చేరిన అనేక దశాబ్దాల తరువాత గాని వాటివల్ల కలిగే క్యాన్సర్ సాధారణంగా బయటపడదు. దక్షిణాఫ్రికాలోని కేప్ ప్రాంతపు నీలి రాతినారకూ, ఊపిరితిత్తులను కప్పి ఉండే ప్లూరా పొరలో పుట్టే మెసోథీలియోమాకూ గల సంబంధాన్ని 1960లో వాగ్నర్, ఆయన సహచరులు వెల్లడించారు. ఈ వ్యాధి నిర్ధారణలో రెండు ప్రశ్నలు ఎదురవుతాయి.

మొదటిది, కణాలు ఏ కణజాలానికి చెందినవి? కాల్‌రెటినిన్, డబ్ల్యు.టి.-1 ప్రోటీన్లు మెసోథీలియల్ కణాలను సూచిస్తాయి, క్లాడిన్-4, టి.టి.ఎఫ్.-1 ఊపిరితిత్తుల అడినోకార్సినోమా వైపు మొగ్గు చూపుతాయి. అయితే కాల్‌రెటినిన్ ఆరోగ్యకర మెసోథీలియల్ కణాలలోనూ ఉంటుంది. కనుక అది క్యాన్సర్‌ను నిరూపించదు.

రెండవది, ఆ కణాలు క్యాన్సర్ కణాలేనా, వాపువల్ల పెరిగినవా? ఇక్కడ లేమియే సాక్ష్యం. కేంద్రకంలో బ్యాప్-1 ప్రోటీన్ కనిపించకపోవడం క్యాన్సర్‌కు బలమైన ఆధారం. తొమ్మిదవ క్రోమోజోముపై పి-16 జన్యువు నశించినప్పుడు పొరుగున ఉన్న ఎంటాప్ జన్యువు కూడా తరచుగా నశిస్తుంది. అందువల్ల ఎంటాప్ ప్రోటీన్ లోపాన్ని పి-16 లోపానికి సులభ సూచికగా పరిగణిస్తారు. అయితే ఈ ప్రోటీన్లు నిలిచి ఉన్నంత మాత్రాన క్యాన్సర్ లేదని చెప్పలేము.

రక్తపరీక్ష ద్వారా ముందుగా గుర్తించాలన్న ఆశతో మెసోథెలిన్, ఆస్టియోపాంటిన్, ఫిబులిన్-3లను పరిశీలించారు. మెసోథెలిన్ అండాశయ, క్లోమ క్యాన్సర్లలోనూ, మూత్రపిండాల వైఫల్యంలోనూ పెరగవచ్చు; సార్కోమటాయిడ్ రకంలో తరచు పెరగదు. అందుచేత ఆరోగ్యవంతులైన కార్మికులందరినీ వడపోయడానికి అది చాలదు.

ఏ జీవసూచికా క్యాన్సర్‌కు రాతినారే కారణమని తేల్చదు. ఊపిరితిత్తుల క్యాన్సర్ విషయంలో 1997 నాటి హెల్సింకి ప్రమాణాలు పని చరిత్రకూ, పోగుల మోతాదుకూ ప్రాధాన్యమిచ్చాయి. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో తెల్ల రాతినార తవ్వకాలు సాగిన తెలుగు నేలకూ ఇది వర్తిస్తుంది. కార్మికుల ఆరోగ్య రికార్డులను ఉద్యోగారంభం నుండి 40 సంవత్సరాలు లేదా ఉద్యోగ విరమణానంతరం 15 సంవత్సరాలు, ఏది తరువాతిదైతే అంతవరకు, భద్రపరచాలని 1995లో సుప్రీంకోర్టు ఆదేశించింది. వ్యాధి ఏమిటో కణం చెప్పగలదు; అది ఎక్కడ సోకిందో రికార్డే చెప్పాలి. ఆ రికార్డు లేనప్పుడు, ఎంత కచ్చితమైన నిర్ధారణ జరిగినా కార్మికునికి నష్టపరిహారం దక్కడం కష్టమవుతుంది.