లోతు నీటిలో ఉపవాసం

కాలిఫోర్నియా తీరంలో, మాంటెరే అఖాతం అడుగున ఓ పెద్ద లోయ ఉంది. ఒడ్డున ఎండ మండిపోతున్నా అక్కడ 1,400 మీటర్ల లోతున నిత్యం అమావాస్యే. 2007లో పరిశోధకులు దించిన రోబో దీపపు వెలుగులో, నిలువు రాతిని కరుచుకుని ఉన్న ఓ ఆక్టోపస్ కనిపించింది. దాని కింద గుడ్లు. ఒంటిమీది మచ్చల్ని ఆనవాలు పెట్టుకుని మళ్లీ మళ్లీ వెళ్లి చూశారు. ఎప్పుడు వెళ్లినా అదే రాయి, అదే తల్లి. పీతలు, రొయ్యలు చేతికందే దూరంలో తిరుగుతున్నా పట్టించుకోదు. రోబో చెయ్యి పీత ముక్క అందిస్తే అదీ వద్దంది. ఏళ్లు గడిచేకొద్దీ చర్మం పాలిపోయింది, కళ్లు మసకబారాయి. అది తింటుండగా ఒక్కసారీ ఎవరూ చూడలేదు. 2011 అక్టోబరులో వెళ్లేసరికి పిల్లలు విడిచిపోయిన గుడ్ల తొడుగులున్నాయి, తల్లి లేదు. ఆ కాపలా 53 నెలలు సాగింది.

ఎంత త్యాగం అనుకుంటాం. కానీ 1977లో జెరోమ్ వొడిన్‌స్కీ అనే శాస్త్రవేత్త చేసిన ప్రయోగం ఆ మాటను గొంతులోనే ఆపేస్తుంది. వేరే జాతి ఆక్టోపస్ తల్లులకు కళ్ల దగ్గరుండే చిన్న గ్రంథుల్ని ఆయన తీసేశాడు. అంతే, అవి గుడ్లను వదిలేసి తిండి మీద పడ్డాయి, మామూలుకన్నా ఎక్కువకాలం బతికాయి. తల్లి మనసంతా అంత చిన్న గ్రంథిలో ఉందా! నాకైతే ఇది చదివినప్పుడు ఆశ్చర్యం కన్నా దిగులే ఎక్కువ కలిగింది.

అంటార్కిటికాలో ఎంపరర్ పెంగ్విన్ తండ్రిదీ ఇలాంటి దీక్షే. గుడ్డును పాదాల మీద పెట్టుకుని, పొట్ట మడతతో కప్పి, చీకటి చలికాలంలో నిలబడే ఉంటాడు. దాదాపు నాలుగు నెలలు పస్తు. అయితే ఒంట్లో కొవ్వు నిల్వ ఓ హద్దు దాటి కరిగిందా, గుడ్డును అక్కడే వదిలి సముద్రం వైపు నడక మొదలుపెడతాడు.

మనిషికి మాత్రం ఆ పగ్గాలు లేవా? ఎందుకు లేవు! కొవ్వు కణాలు లెప్టిన్ అనే హార్మోనుతో ‘నిల్వలున్నాయి’ అని మెదడుకు కబురు పంపుతుంటాయి. పుట్టుకతోనే అది లేని పిల్లలు ఎంత తిన్నా ఆకలి ఆకలి అంటూనే ఉంటారు. తిండిపోతులని వాళ్లను కసరడం అన్యాయం. ఆ హార్మోను సూదిమందుగా ఇస్తే ఆకలి దారికొస్తుంది.

ఇక్కడే నాకు పొట్టి శ్రీరాములు గుర్తొస్తారు. 1952 అక్టోబరు 19న మద్రాసులో, బులుసు సాంబమూర్తి ఇంట్లో ఆయన నిరాహార దీక్షకు కూర్చున్నారు. కొవ్వు కరిగేకొద్దీ లెప్టిన్ తగ్గుతుంది. ‘తిను, తిను’ అని ఒళ్లు పోరుతూనే ఉండి ఉంటుంది. పెంగ్విన్ లేచి వెళ్లిపోయే హద్దు ఆయనకూ వచ్చే ఉంటుంది. ఆయన లేవలేదు. 58వ రోజున, డిసెంబరు 15న ప్రాణం పోయింది. ఆయన కాచింది గుడ్డును కాదు, ఇంకా పుట్టని ఆంధ్ర రాష్ట్రాన్ని. కంటికి కనబడని దాని కోసం ఏ గ్రంథి ఆదేశం ఇస్తుంది?

తేనెటీగ కూడా తుట్టె కోసం కుట్టి చస్తుంది కదా, ఇదీ గుంపు మీది మమకారమే కదా అని ఎవరైనా అడగొచ్చు. బలమైన ప్రశ్నే. ఆయన కోరింది తెలుగువాళ్ల రాష్ట్రం, భాష కూడా ఓ తుట్టెలాంటిదే. కానీ అంతకు ఆరేళ్ల ముందు, 1946లో, నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనులను రానివ్వాలని ఆయన పస్తున్నారు. ఆయన పుట్టిన వైశ్య కులానికి ఆ గుడి తలుపులు ఎప్పుడూ మూసి లేవు.