ఈత రాకున్నా... కడలి అడుగున కాసేపు!

ఈత రాదు. కళ్లజోడు తీస్తే ఎదుట ఉన్నదెవరో పోల్చుకోలేరు. అలాంటివాళ్లనూ సముద్రం అడుగుకు తీసుకెళ్లి, జుట్టయినా తడవకుండా పైకి తెచ్చేదే సీ వాక్. అండమాన్ వెళ్లే తెలుగు కుటుంబాలకు ఇప్పుడిదో పెద్ద సరదా.

పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు వెనక చెట్ల నడుమ సముద్రం, దూరంగా ఓ లైట్‌హౌస్ ఉండేవి గుర్తున్నాయా? ఆ తీరమే నార్త్ బే. పోర్ట్ బ్లెయిర్ నుంచి, అంటే 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన ఊరి నుంచి, పడవలో కాసేపటి ప్రయాణం. అక్కడ తెలుగు వినిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగే. విశాఖ నుంచి ఓడ కూడా ఉంది.

నెత్తిన గాలి గది

తీరానికి కాస్త దూరంలో లంగరు వేసిన వేదిక దగ్గర అసలు కథ మొదలవుతుంది. నిచ్చెన మెట్లు దిగి భుజాల దాకా నీళ్లలోకి వెళ్లాక శిరస్త్రాణం తల మీద పెడతారు. గట్టు మీద మోయలేనంత బరువుండే అది, నీటిలో మునగగానే తేలికైపోతుంది. అడుగు భాగం తెరిచే ఉంటుంది. మరి నీళ్లు ముక్కు దాకా ఎందుకు రావు? బోర్లించిన గ్లాసును బకెట్‌లో నిలువుగా ముంచితే లోపలి గాలి నీటిని ఎలా అడ్డుకుంటుందో ఇక్కడా అంతే. పైనున్న కంప్రెసర్ గొట్టం ద్వారా గాలి పంపుతూనే ఉంటుంది. ఎక్కువైన గాలి కింది అంచు నుంచి బుడగలై పోతుంది.

సూత్రం పాతదే. తోకచుక్కకు పేరిచ్చిన ఎడ్మండ్ హేలీ 1691లోనే ఇలా అడుగు తెరిచి ఉన్న పెద్ద గంటలో కూర్చుని నీటి అడుగుకు దిగే ఏర్పాటు చేశాడు. ఆ గంటే చిన్నదై ఇప్పుడు భుజాల మీద కూర్చుంది.

చెవి చెప్పే మాట

రెండు మూడు మెట్లు దిగగానే చెవులు మూసుకుపోతాయి. సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకూ ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. సీ వాక్‌లో దిగేది అంతకన్నా తక్కువ లోతుకే అయినా కర్ణభేరికి ఆ తేడా బాగానే తెలుస్తుంది. శిరస్త్రాణం కింది నుంచి చెయ్యి లోపలికి పోనిచ్చి, ముక్కు మూసుకుని, నోరు తెరవకుండా మెల్లగా గాలి ఊదితే ‘టప్’మని తెరుచుకుంటాయి. నొప్పి తగ్గకపోతే ఇంకో మెట్టు దిగొద్దు.

అడుగున మాటలుండవు, సైగలే. మనవాళ్లు తడబడేదీ ఇక్కడే. ‘సూపర్’ అంటూ బొటనవేలు ఎత్తితే గైడ్ మిమ్మల్ని పైకి తీసుకొచ్చేస్తాడు! డైవర్ల సైగల్లో దానికి ‘పైకి పోదాం’ అని అర్థం. అంతా బాగుందని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి.

ఇసుక మీద అడుగు పెట్టాక తొందర పనికిరాదు. నీరు వెనక్కి నెడుతుంది, కాస్త ముందుకు వంగి నడవాలి. చారల చేపలు అద్దం ముందుకే వస్తాయి. సీ అనిమోన్ కుచ్చుల్లోంచి నారింజ రంగు క్లౌన్ ఫిష్ తొంగిచూసి, చటుక్కున లోపలికి దూరుతుంది.

ముట్టుకోవద్దు

రాళ్లలా కనిపించే పగడాలు ప్రాణులు. వాటికి రంగునూ తిండినీ ఇచ్చేది లోపల కాపురముండే నాచు. నీరు వేడెక్కితే ఆ నాచు వెళ్లిపోయి పగడం తెల్లబోతుంది. 1998లో, 2010లో అండమాన్ పగడాలకు జరిగిందిదే. వేడి చేసే నష్టానికి మన చేతులూ కాళ్లూ తోడవకూడదు. పగడాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి. ముక్క ఏరి సంచిలో వేసుకుంటే నేరమే. ఫొటో కోసం చేపలకు బ్రెడ్డు వేయమని గైడ్‌ను అడగొద్దు, తనంతట తాను వేస్తానన్నా వద్దనండి.

దిగే ముందు...

* జలుబు, సైనస్, చెవి శస్త్రచికిత్స, ఉబ్బసం, గుండె జబ్బు, గర్భం... వీటిలో ఏదున్నా దాచకండి. డాక్టర్ సరేనంటేనే దిగండి.
* మద్యం తాగి దిగొద్దు.
* పైకి వచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టొద్దు. పీడనం తగ్గేకొద్దీ ఊపిరితిత్తుల్లోని గాలి వ్యాకోచిస్తుంది.
* ఒక్కసారి స్కూబా చేసినా విమానం ఎక్కడానికి కనీసం 12 గంటలు ఆగాలంటారు. సీ వాక్‌కూ అదే పాటిస్తే మంచిది. తిరుగు ప్రయాణం రోజున పెట్టుకోవద్దు.
* గాలి గొట్టం, కంప్రెసర్, అడుగున తోడుండే గైడ్ గురించి డబ్బు కట్టకముందే అడగండి. సమాధానం దాటవేస్తే వెనక్కి వచ్చేయండి.

స్కూబాలో ఉన్న స్వేచ్ఛ ఇందులో లేదు. తాడు పట్టుకుని, చూపిన దారినే నడవాలి. కానీ ఈత రానివాళ్లకు పగడాలను అంత దగ్గరగా చూపించే దారులు వేరే ఎన్నో లేవు. ఆరోగ్యం సహకరిస్తే, సముద్రం శాంతంగా ఉంటే అమ్మనూ నాన్ననూ కూడా తీసుకెళ్లండి. చేతులు మాత్రం దగ్గర పెట్టుకోమని చెప్పండి!