పదిసెంట్ల పెరడు

మా పిన్ని గేదెల కుడితి గోలెం కింద ఎత్తుకు ఒక ఇటుక పెట్టింది. మామూలు ఇటుకకు రెండింతలుంటుంది. రెండు చేతులా పట్టుకుంటే గానీ లేవదు. నేను పుట్టకముందు బాబాయి వేసవి దుక్కి దున్నుతుంటే నాగలికి తగిలిందట. ధరణికోటలో ఇదేమంత వింత కాదు. శాతవాహనులు ఏలిన ఊరు. ఎక్కడ నేల గీరినా పెంకులూ ఇటుకముక్కలూ పైకొస్తాయి.

"ఏ రాజు కాల్పించాడో గానీ, గేదె ఎంత గుద్దినా కదలదురా" అంటుంది పిన్ని. మా ఇంట్లో చరిత్ర ముచ్చట అంతవరకే.

ఊరి పాత పేరు ధాన్యకటకం. 1960ల్లో ఇక్కడ తవ్వకాలు జరిపితే కృష్ణ నుంచి ఊళ్లోకి పడవలు వచ్చే కాలువా, ఇటుకలతో కట్టిన రేవూ బయటపడ్డాయి. ఏడో శతాబ్దంలో వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయెన్‌త్సాంగ్ ఈ దేశం నేల మంచిదనీ పంటలు దండిగా పండుతాయనీ రాసుకున్నాడు. ఆ వెంటే ఊళ్లలో జనం పలుచన అని కూడా రాశాడు. ఆ రెండో మాట నాకు ఈ మధ్య తరచూ గుర్తొస్తోంది. బాబాయి ఇంటికి అటూ ఇటూ నాలుగిళ్లకు తాళాలే. పిల్లలు హైదరాబాదులో, బెంగళూరులో ఉన్నారు. పెద్దవాళ్లు వాళ్ల దగ్గర.

ధాన్యం ఊరి పేరులో ఉంది గానీ బాబాయి పొలంలో లేదు. నల్లరేగడిలో పత్తి, మిరప, గట్ల మీద నాలుగు సాళ్లు కంది. బియ్యం బస్తా అమరావతి వెళ్లి కొనుక్కొస్తాడు. సొంతం రెండెకరాలు, కౌలుకు మరో ఎకరన్నర. రాష్ట్రంలో సగటు కమతం హెక్టారు కూడా లేదని 2015-16 వ్యవసాయ గణన తేల్చింది. సొంత పొలం లెక్కన మా బాబాయి సగటు రైతుకు ఓ మెట్టు కిందే. ఇంటి వెనక పదిసెంట్ల పెరడుంది. అందులో రెండు గేదెలు, ఒక పడ్డ, మునగచెట్టు, కరివేపాకు, పందిరికి సొరా బీరా, గోడ వారగా గోంగూర. పొలం బాబాయిది, పెరడు పిన్నిది. అలాగని ఎవరూ కాగితం రాసుకోలేదు.

ఆ ఇంట్లో రెండు పంచాంగాలు నడుస్తాయని నేను చాలా ఆలస్యంగా గమనించాను. బాబాయి నోట ఎప్పుడూ కార్తె మాటే. పిన్ని తిథి చెబుతుంది. కార్తె సూర్యుణ్ణి బట్టి వస్తుంది. ఒక్కో నక్షత్రంలో సూర్యుడు పదమూడు, పద్నాలుగు రోజులుంటాడు. ఇరవై ఏడు తిరిగితే ఏడాది. అందుకే మృగశిర ఏటా జూన్ 7, 8 తేదీల్లోనే ప్రవేశిస్తుంది. చాంద్రమాసాలు అలా కాదు. ఉగాది ఒక ఏడు మార్చిలో వస్తే మరో ఏడు ఏప్రిల్లోకి జారుతుంది, మధ్యలో అధికమాసం వచ్చి పడుతుంది. వాన చుక్క సూర్యుడి లెక్కన వచ్చేది కాబట్టి విత్తనానికి కార్తె కావాలి. పండగకూ నోముకూ తిథి కావాలి. పొలం సూర్యుడి వెంట నడుస్తుంటే వంటిల్లు చంద్రుడి వెంట నడుస్తుంటుంది. ఇక బ్యాంకుది మూడో పంచాంగం. పంటరుణం తిరగరాసే గడువు ఏ నక్షత్రంలో పడితే బ్యాంకుకేం!

కౌలుది మరో తమాషా. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కార్డు కావాలంటే పొలం యజమాని సంతకం పెట్టాలి. ఒప్పందం పదకొండు నెలలకే. పన్నెండో నెలలో కౌలురైతు ఏం చేయాలో ఏ కార్తెలోనూ చెప్పలేదు. బాబాయికి ఎకరన్నర ఇచ్చిన ఆసామి మంచివాడే, ఏటా సంక్రాంతికి వచ్చి భోజనం చేసి వెళతాడు. సంతకం ఊసెత్తితే మాత్రం, "మనలో మనకు కాగితాలేంటి బావా" అంటాడు.

రోహిణిలో ఎండకు రోళ్లు పగులుతాయంటారు. ఆ పదమూడు రోజులూ బాబాయికి పెంట తోలకం, పాత పత్తికట్టె ఏరకం. మృగశిర కురిస్తే ముసలి ఎద్దు కూడా రంకె వేస్తుందని సామెత. ఊళ్లో ఇప్పుడు ఆ పని ట్రాక్టర్లు చేస్తున్నాయి. మొదటి పదును పడ్డ రోజు బాబాయి అన్నం సరిగ్గా తినడు. కంచం ముందు కూచుని ఆకాశం వంకే చూస్తుంటాడు. పత్తి విత్తనం ప్యాకెట్లలోనే దొరుకుతుంది. కేంద్రం నిర్ణయించిన ధర 2024లో 864 రూపాయలు, మరుసటేడు 901. హైబ్రిడ్ గింజ కనుక దాచుకోవడానికి లేదు, ఏటా కొనాల్సిందే.

పిన్ని మాత్రం ఏ ఏడూ సొరగింజ కొనదు. ముదిరిన సొరకాయ ఒకటి పాదు మీదే వదిలేస్తుంది. ఎండాక బుర్ర కోసి గింజలు తీసి, బూడిద కలిపి డబ్బాలో పోస్తుంది. బీర, చిక్కుడు, గోంగూర, బెండ అన్నిటికీ అదే తంతు. అడిగినవాళ్లకు గుప్పెడు పెడుతుంది, లేనిది తను అడిగి తెచ్చుకుంటుంది. "ప్యాకెట్టు మీద కంపెనీ బొమ్మ ఉంటది. నా గింజ మీద ఏ బొమ్మ ఉంటదిరా" అని నవ్వింది ఒకసారి.

తొలి ఏకాదశికి పేలాలపిండి. ఆ నాటికి పత్తి జానెడు లేస్తుంది. అక్కడి నుంచి దసరా దాకా కలుపు, మందు, ఎరువు. రాసేందుకేమీ ఉండని రోజులవి, చేసేందుకు మాత్రం లెక్కలేనంత ఉంటుంది. మిరపనారు ఒకప్పుడు పిన్నే పెరట్లో మడి కట్టి పోసేది. ఇప్పుడు షేడ్‌నెట్ నర్సరీల్లో ట్రేలలో పెరిగిన మొక్క తెచ్చి నాటుతున్నారు. మొక్క బాగుంటుంది, నిజమే. నారు పీకే రోజున పదిమంది ఆడవాళ్లు పెరట్లో కూచుని కట్టలు కట్టే సందడే పోయింది.

ఊరికి ఉత్తరాన కృష్ణ. 2024 సెప్టెంబరు 2న దిగువన ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. 2009 అక్టోబరు వరదలో 11.10 లక్షలు చూసినవాళ్లం, అంతకు మించి రాదనుకున్నాం. ఆ రాత్రి ఫోన్ చేస్తే పిన్ని ఒక్కటే చెప్పింది: గేదెల పలుపులు ముడి వేయకుండా వదిలేశానని. నీళ్లొస్తే వాటి దారి అవి చూసుకుంటాయి. అంత ఎత్తుకు రాలేదు. తెల్లారి మళ్లీ ముళ్లు వేసింది.

కార్తీకంలో అమరేశ్వరస్వామి గుడి దగ్గర కృష్ణలో దీపాలు వదిలి వచ్చి, మర్నాడే పత్తి తీతకు వంగాలి. తెల్లవారుజామున తీస్తే మంచుకు దూది చెమ్మగా ఉంటుంది. ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐ కేంద్రంలో తేమ 12 శాతం దాటితే కొనరు. కనుక మంచు ఆరాక తీయాలి, తీశాక వసారాలో ఆరబెట్టాలి. ఆ పది పదిహేను రోజులు వసారాలో మనుషులకు చోటుండదు. పిల్లలుగా మేం ఆ పత్తిగుట్ట మీద పడుకుని దురదలతో లేచేవాళ్లం. అదే వారంలో పిన్నికి చింతకాయ తొక్కు. లేతకాయ గింజ పట్టకముందే దంచాలి. రోటి దగ్గర పసుపూ ఉప్పూ, పక్కనే దూదిపింజలు. ఒక ఏడు తొక్కు జాడీలో పత్తి పోగు కనిపించింది. బాబాయి దాన్ని వేలితో తీసి పారేసి, "పొడుగు పింజే" అని అన్నం కలుపుకున్నాడు.

గేదెలు ఎక్కువగా వానాకాలం చివర్లో, చలికాలం మొదట్లో ఈనుతాయి. ధనుర్మాసానికి పాలు పొంగుతాయి. వాకిట్లో గొబ్బెమ్మలకు పేడ కొరత లేదు, దాలిలో పిడకల సెగకు కాగే పాల మీద ఎర్రటి మీగడ. పొద్దునా సాయంత్రం కేంద్రంలో పాలు పోసి, వెన్న శాతం రాసిన చీటీని పిన్ని చీర కొంగున కట్టుకుంటుంది. కిరాణా, కరెంటు బిల్లు, మందుబిళ్లలు, బియ్యం బస్తా అన్నీ ఆ కొంగులోంచే. బాబాయి పంట డబ్బు వస్తే గుట్టగా వస్తుంది, వచ్చిన దారినే అప్పుకు పోతుంది. ఇల్లు గడిచేది పెరటి మీదని బాబాయికీ తెలుసు. పైకి మాత్రం అనడు.

పుష్యమాసంలో మిరప మొదటి కోత. కర్నూలు పడమటి మండలాల నుంచి కూలీలు పిల్లాజెల్లాతో దిగుతారు. పొలాల్లోనే గుడారాలు. వాళ్ల ఊళ్లలో ఆ సమయానికి పని ఉండదు, మన చేలల్లో చెట్టు నిండా కాయ. వాళ్ల పిల్లల బడి ఆ మూడు నెలలూ ఏమవుతుందన్నది మనం ఎవరం అడగం. నేనూ అడగలేదు, చాలా ఏళ్లు.

కోసిన కాయ కల్లంలో పరిస్తే నల్లనేల మీద ఎర్రటి తివాచీ. ఫొటోగ్రాఫర్లకు ఇష్టమైన దృశ్యం. దాని పక్కన నిద్రపోవడమెలా ఉంటుందో ఫొటోలో రాదు. పగలు తిరగేయాలి, రాత్రి మంచు పడకుండా పట్టా కప్పాలి, మబ్బు కమ్మితే అర్ధరాత్రి లేచి పరుగెత్తాలి. పదీ పదిహేను రోజులు ఘాటుకు కళ్లు మండుతుంటాయి. రంగు తప్పిన తాలుకాయ వేరు చేసి, మిగిలింది టిక్కీలకెత్తి గుంటూరు యార్డుకు. దారిలో లాం ఫారం దాటుతుంటే బాబాయి ఒక చూపు విసురుతాడు. ఎల్‌సీఏ 334 మిరప రకం పుట్టింది అక్కడే. ఆయన తొలినాళ్ల అదృష్టం ఆ గింజదే.

2021 ఆయన మరచిపోలేని ఏడు. 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి తోటల్లో కనబడిన కొత్తరకం నల్ల తామరపురుగు ఆ శీతాకాలం మిరప పూతలో దూరింది. పువ్వు లోపలే ఉంటుంది, ఏ మందు కొట్టినా పోదు. పూత పూతగానే రాలింది. నాలుగుసార్లు కొట్టి, ఐదోసారి ట్యాంకు నింపి, కొట్టకుండానే గట్టు మీద కూచున్నాడట బాబాయి. ఎంతసేపటికీ రాకపోతే పిన్ని మజ్జిగ చెంబుతో వెళ్లింది. ఆ చెంబు మాట ఆమె నాతో ఒక్కసారే చెప్పింది. 1997-98లో పచ్చపురుగు పత్తిని తినేసినప్పుడు ఈ జిల్లాల్లో ఎందరు రైతులు పురుగుమందు తాగారో ఆమెకు గుర్తుంది. బాబాయి గట్టు మీద కూచున్న రోజు నుంచీ మందు డబ్బాలు పిన్ని కంట్లోనే ఉంటాయి, గొడ్లచావిట్లో తాళంవేసిన పెట్టెలో.

మంచి పంట పండిన ఏడు ధర పడుతుంది. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర దిగజారితే కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు ప్రకటించింది. బాబాయి ఆ అంకెను కాగితం మీద రాసి, కోతకూలి, మందులు, కౌలు తీసేసి, కింద గీత గీశాడు. గీత కింద ఏమీ రాయలేదు.

ఉగాది దాటితే మిర్చి యార్డుకు సెలవులు దగ్గరపడతాయి, గేదెలు వట్టిపోతాయి. పిన్ని కొంగు చిక్కేది అప్పుడే. వడియాలు, చల్లమిరపకాయలు, ఆవకాయ జాడీలు కడగడం. అప్పుడే బాబాయి కొడుకు, మా తమ్ముడు, ఫోన్ చేస్తాడు, "అమ్మేద్దాం నాన్నా" అని. 2015లో రాజధానికి 29 ఊళ్లలో 33 వేల ఎకరాలకు పైగా సమీకరించాక, ఇటు వైపు కూడా ఎకరం ధర కోట్ల మాటల్లోకి వచ్చింది. రాజధానికి పెట్టుకున్న పేరు మా పక్క ఊరిదే. బాబాయి కాదనడు, అవుననడు. "రోహిణి పోనీరా" అంటాడు. ఏటా అదే జవాబు. రోహిణి పోతే మృగశిర. మృగశిరలో ఎవడు అమ్ముతాడు?

కిందటి వేసవి నేను వెళ్లేసరికి పిన్ని వసారాలో చేటల్లో గింజలు కలుపుతోంది. పొదుపు సంఘంలో ప్రకృతి వ్యవసాయం వాళ్లు చెప్పారట, వానకు ముందే పొడినేలలో రకరకాల గింజలు చల్లితే మంచుకూ చిరుజల్లుకూ మొలిచి నేల కప్పుతాయని. ఈ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్ నుంచి గుల్బెంకియన్ బహుమతి వచ్చిందని చెప్పాను. "పోర్చుగల్ గేదెలు కూడా తింటయ్యా ఈ మేత?" అంది.

కౌలుచేనుకు ఆసామి ఒప్పుకోడని తన పెరటికీ గట్లకూ మాత్రమే. జొన్న, సజ్జ, కొర్ర, అలసంద, అనుము, పెసర, మినుము, ఉలవ, నువ్వు, ఆముదం, బంతి, గోంగూర. నన్ను లెక్కపెట్టమంది. పద్నాలుగు దగ్గర తప్పాను. లేచి, పిచ్చుకల కోసం సంక్రాంతికి దూలానికి వేలాడదీసిన వరికంకుల కుచ్చు దించింది. పిచ్చుకలు తినగా మిగిలిన గింజలు అరచేత్తో నలిపి, గుప్పెడు వడ్లు చేటలో వేసింది.

"నీళ్లు లేకుండా వడ్లు మొలుస్తాయా పిన్నీ?"

"మొలిస్తే గేదె తింటది. లేకపోతే పిచ్చుకలు రావూ?" అంటూ చేట తిప్పింది.