మరపు మర్మము - యువ పరిశోధకులు

మానవుడు తాను గడించిన ధనమును దాచుకొనుటకు ఎన్ని పెట్టెలనైనను చేయించుకొనగలడు. తాను గడపిన జీవితమును దాచుకొనుటకు మాత్రము అతనికి ఉన్న పెట్టె ఒక్కటియే, అది మెదడు. అందు సుమారు 8,600 కోట్ల నాడీకణములు కలవు. ఇవి క్రమక్రమముగా నశించుటచే జ్ఞాపకము, మాట, వివేకము సన్నగిల్లి, మనుష్యుడు తన నిత్యకృత్యములను సైతము జరుపుకొనలేని స్థితికి వచ్చును. దీనినే వైద్యులు డిమెన్షియా అందురు. ముదిమిలో ఒకరి పేరు తటాలున స్ఫురింపకపోవుట సహజమే. కాని నలువది ఏండ్లు వండిన పులుసును ఎట్లు వండవలెనో తోచకపోవుట, కన్నకుమారుని చూచి "నీవెవరి అబ్బాయివి, నాయనా?" అని అడుగుట సహజము కాదు, అది వ్యాధి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము 2021వ సంవత్సరమున ఈ స్థితిలో 5 కోట్ల 70 లక్షల మంది ఉండిరి. వారిలో నూటికి 60 నుండి 70 మంది వరకు అల్జీమర్ వ్యాధిగ్రస్తులు.

ఈ వ్యాధి మూలమును వెదకుటయే వృత్తిగా గైకొన్న యువతీయువకులు నేడు అనేక దేశములలో కలరు. వారి వృత్తి ఎట్టిదో తెలియవలెనన్న, మొదట ఆ వ్యాధిని గుర్తించిన వాని చరిత్రమును పరికింపవలెను.

అలోయిస్ అల్జీమర్ 1864లో జర్మనీ దేశమున మార్క్‌ట్‌బ్రైట్ అను చిన్న పట్టణమందు జన్మించెను. 1888లో, 24 ఏండ్ల ప్రాయమున, ఫ్రాంక్‌ఫర్ట్ నగరములోని మానసిక చికిత్సాలయమున వైద్యుడుగా చేరెను. రోగులతో ఓపికగా మాటలాడుట, వారు చెప్పినది చెప్పినట్లు వ్రాసికొనుట, తీరిక దొరికినపుడు సూక్ష్మదర్శిని ముందు కూర్చుండుట అతనికి అలవాటయ్యెను. మరుసటి సంవత్సరము అచ్చట చేరిన ఫ్రాంజ్ నిస్సల్ నాడీకణములకు రంగు పట్టించి స్పష్టముగా చూచు విధానమును కనిపెట్టినవాడు. ఈ ఇరువురు యువకులును ప్రాణస్నేహితులైరి.

1901 నవంబరులో అగస్టె డీటర్ అను 51 ఏండ్ల స్త్రీని ఆ చికిత్సాలయమునకు తీసికొనివచ్చిరి. ఆమె వస్తువులను చూపగా పేర్లు చెప్పెడిది. కొంతసేపటికి, తాను వేనిని చూచినదియు మరచెడిది. తన పేరు వ్రాయుమనిన, ఆరంభించి పూర్తి చేయలేకపోయెడిది. అంత పిన్న వయస్సున ఇట్టి మరపు కలుగుట అల్జీమరునకు వింతగా తోచెను.

1903లో అతడు ఎమిల్ క్రేప్లిన్ అను ప్రసిద్ధ వైద్యాచార్యుని వెంట మ్యూనిచ్ నగరమునకు వెళ్లెను. అచ్చట అతనికి పని దొరికెను గాని, జీతము దొరకలేదు. అతని భార్య 1901లోనే మరణించెను. ముగ్గురు బిడ్డలను పెంచవలసియుండెను. భార్య సంపన్నురాలగుటచే, ఆమె విడిచిన ధనము ఆ కుటుంబమును నిలిపెను. 1906 ఏప్రిలులో అగస్టె మరణింపగా, ఆమె మెదడును మ్యూనిచ్ నగరమునకు తెప్పించుకొని, వెండి లవణములతో రంగు పట్టించి పరీక్షించెను. కణముల వెలుపల గట్టిపడిన మచ్చలును, కణముల లోపల చిక్కుపడిన పోగులును కనబడెను. ఆ సంవత్సరము నవంబరు 3వ తేదీన ట్యూబింగెన్ నగరమున జరిగిన వైద్యుల సభలో అతడు ఈ సంగతి వివరించెను. ఒక్కరును ప్రశ్న వేయలేదు. సభ తరువాతి ఉపన్యాసమునకు సాగిపోయెను. క్రేప్లిన్ 1910లో తన గ్రంథమున ఈ వ్యాధిని "అల్జీమర్ వ్యాధి" యని పేర్కొనిన తరువాతనే ఆ పేరు లోకమున నిలిచెను.

ఇంటిలో ధనము లేకున్నచో అల్జీమర్ మ్యూనిచ్‌లో నిలువగలిగియుండునా? ఈ ప్రశ్న ఊరక పుట్టినది కాదు. అతని ప్రయోగశాలలో శిక్షణ పొందిన వారిలో సోలమన్ కార్టర్ ఫుల్లర్ ఒకడు. అతడు 1872లో ఆఫ్రికాలోని లైబీరియా దేశమున పుట్టెను. అతని తాత అమెరికాలో బానిసగా నుండి, కష్టించి సొమ్ము కూడబెట్టి, తన స్వేచ్ఛను తానే కొనుక్కొనినవాడు. ఫుల్లర్ 1897లో బోస్టన్ నగరమున వైద్యపట్టము పొంది, 1904లో మ్యూనిచ్ చేరెను. 1912లో అల్జీమర్ వ్రాసిన తొలి రోగి వృత్తాంతమును ఆంగ్లములోనికి మార్చి, ఆ వ్యాధిని గూర్చి విపులముగా వ్రాసెను. ఇంతటి వాడయ్యును, నల్లజాతివాడగుటచే విశ్వవిద్యాలయమున తగిన హోదాను పొందలేకపోయెను. తనకంటె చిన్నవాడైన తెల్లజాతి ఉపాధ్యాయునికి ఆచార్యపదవి నీయగా, 1933లో కొలువు విడిచెను. కొన్ని ఏండ్లకు చూపు పోయినను, రోగులను చూచుట మాత్రము మానలేదు.

నేటి స్థితి కొంత మెరుగైనది. చదువు ముగించిన యువకునకు పరిశోధన చేయుటకు వేతనము లభించును. కాని ఆ కొలువు సాధారణముగా రెండు మూడేండ్లది. గడువు తీరిన వెంటనే మరియొక నగరమునకో, మరియొక దేశమునకో పోవలసివచ్చును. సొమ్ము కొరకు వ్రాసికొనిన విజ్ఞాపనములలో తిరస్కరింపబడునవే ఎక్కువ. వివాహము, బిడ్డల పెంపకము, వృద్ధులైన తలిదండ్రుల పోషణ, ఇవన్నియు ఆ వయస్సుననే వచ్చిపడును.

అన్ని శాస్త్రములందును ఈ చిక్కులు ఉన్నవి. అయినను మరపు వ్యాధిని పరిశోధించువారికి మరియొక ప్రత్యేకమైన ఇబ్బంది కలదు. ఈ వ్యాధి మిక్కిలి నెమ్మదిగా నడచునది. మొదటి మరపు కనబడుటకు పదునైదు ఇరువది ఏండ్లకు ముందే మెదడులో మచ్చలు ఏర్పడనారంభించును. వ్యాధి నడక ఇరువది ఏండ్లు. పరిశోధకుని కొలువు మూడేండ్లు. విత్తినవాడు ఒకడు, కోత కోయువాడు మరియొకడు. తాను నాటిన మామిడి టెంక ఫలించునాటికి తాను ఆ తోటలో ఉండడని తెలిసియు నీరు పోయువాని వంటివాడు ఈ యువ పరిశోధకుడు.

వారి దినచర్యయు సులభమైనది కాదు. పాత్రలలో పెంచు జీవకణములకు ఆదివారమని సెలవు లేదు. మరణానంతరము మెదడును దానము చేయుదుమని కొందరు పుణ్యాత్ములు ముందుగానే వ్రాసియిత్తురు. అట్టివారు మరణించినపుడు, ఆ కణజాలము చెడకముందే భద్రపరచుటకు అర్ధరాత్రియైనను పరుగెత్తవలెను. గత సంవత్సరము నవ్వుచు పలుకరించిన వృద్ధురాలు ఈ సంవత్సరము తన్ను గుర్తింపకపోయినను, అదే ప్రశ్నల పట్టికను అదే శాంతముతో చదువవలెను.

కీర్తికై తొందరపడుట ఈ మార్గమున గొప్ప ప్రమాదము. 2006లో ఒక ప్రసిద్ధ పత్రికలో ఈ వ్యాధిని గూర్చి వెలువడిన వ్యాసమును ఎందరో ప్రమాణముగా గైకొనిరి. అందలి చిత్రములు మార్పబడినవని తేలి, 2024లో ఆ వ్యాసము ఉపసంహరింపబడెను. ఆ దారిన నడచిన వారి శ్రమకు కలిగిన నష్టము ఎవరు తీర్చగలరు? కావున "నా ప్రయోగము ఫలింపలేదు" అని నిజము చెప్పుటకు ఈ వృత్తిలో ధైర్యము కావలెను.

తెలుగుసీమయందును ఈ కృషి సాగినది. మరపును కొలుచు పరీక్షలు పెక్కు చదువు వచ్చిన వారిని ఉద్దేశించినవి. అక్షరమే ఎరుగని వృద్ధుని జ్ఞాపకశక్తిని వ్రాత పరీక్షతో కొలువ వీలుకాదు. అందుచే పరీక్షలను తెలుగు మొదలగు భాషలలోనికి, ఇచ్చటి జీవనమునకు తగినట్లుగా మార్చుకొనిరి. హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రియందు డాక్టర్ సువర్ణ అల్లాడియు, ఆమె సహచరులును 648 మంది రోగులను పరిశీలించి 2013లో ఫలితములు ప్రకటించిరి. ఒకే భాష మాటలాడువారికంటె రెండు భాషలు మాటలాడువారికి డిమెన్షియా సుమారు నాలుగున్నర ఏండ్లు ఆలస్యముగా వచ్చుచున్నట్లు వారు గమనించిరి. చదువు లేనివారిలోను ఈ భేదము కనబడెను. ఇంట తెలుగు, బజారున ఉర్దూ పలుకు సామాన్యుల వాడుక ఈ విధముగా ప్రపంచ శాస్త్రమునకు ఒక క్రొత్త సంగతిని తెలిపెను.

ఈ వ్యాధిని సంపూర్ణముగా కుదుర్చు మందు ఇంకను లభింపలేదు. 2023లో అమెరికాలో పూర్తి ఆమోదము పొందిన లెకానెమాబ్ అను మందు తొలిదశలో వ్యాధి వేగమును కొంత తగ్గించును. పోయిన జ్ఞాపకమును తిరిగి తేలేదు. మెదడులోని మచ్చలను 1906లో చూచిన నాటినుండి, వానిపై పనిచేయు ఈ మందు వచ్చువరకు నూరేండ్లకు పైగా పట్టెను. ఆ నడుమ పేరు ప్రతిష్ఠలు ఎరుగక పనిచేసిన యువకులు ఎందరో. మరువబడినవారి శ్రమ వలననే మరపునకు మందు రావలసియున్నది. అట్టివారికి నిలుకడయైన జీవనోపాధిని కల్పించుట వారిపై దయ చూపుట కాదు. ప్రతి ఇంటనున్న అవ్వలను, తాతలను రక్షించుకొనుటయే యగును.