ఏలూరు నుంచి హైదరాబాద్ దాకా: చదరంగం బల్ల ముందు ఎవరు కూర్చున్నారు?

చదరంగంలో తొలి జాతీయ ఛాంపియన్‌షిప్ 1955లో మన ఏలూరులోనే జరిగింది. ఆంధ్ర చెస్ అసోసియేషన్ నిర్వహించిన ఆ పోటీలో డి. వెంకయ్య, రామచంద్ర సప్రే ఉమ్మడి విజేతలు. 2002లో హైదరాబాద్‌లో జరిగిన ఫిడే ప్రపంచ కప్‌ను విశ్వనాథన్ ఆనంద్ గెలిచాడు.

ఈ చరిత్ర గర్వకారణమే. అయితే బల్ల దాకా రాలేకపోయిన వాళ్లెవరో విజేతల జాబితా చెప్పదు. ఇంట్లో ఎంత బాగా ఆడినా ఫిడే రేటింగ్ రాదు. గుర్తింపు పొందిన టోర్నీల్లో ఆడితేనే వస్తుంది. అంటే ప్రవేశ రుసుము, రైలు ఛార్జీలు, బస, కోచింగ్. అమీర్‌పేట, పంజాగుట్టల్లో అద్దె కట్టడానికే తంటాలు పడే దళిత విద్యార్థికి ఒక్క టోర్నీ కూడా భారమే.

సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలకు ఆ ఖర్చు ప్రభుత్వమే భరించాలి. ప్రతిభ గురించి మాట్లాడాల్సింది ఆ తర్వాతే.