థాయ్ నేర్చుకుంటున్నారా? ముద్రలో తేదీ చూసుకోండి!

బ్యాంకాక్‌లో థాయ్ భాషా కోర్సులో చేరేవారికి ఇచ్చేది ‘ఈడీ’ వీసా. కంగారుపడకండి, ఇక్కడ ఈడీ అంటే ఎడ్యుకేషన్! ఏడాది ఫీజు ఒకేసారి కట్టేసినా, దిగగానే పాస్‌పోర్టులో వేసే ముద్రకు గడువు సాధారణంగా 90 రోజులే. అది ముగిసేలోపు స్కూలు లేఖ, హాజరు వివరాలు, టీఎం-7 ఫారంతో ఇమిగ్రేషన్ ఆఫీసుకు వెళ్లాలి. రుసుము 1,900 బాత్‌లు. అధికారి థాయ్‌లోనే నాలుగు ప్రశ్నలు వేయొచ్చు. పేరు, ఊరు కూడా చెప్పలేకపోతే క్లాసులకు వెళ్తున్నారంటే ఎవరు నమ్ముతారు? గడువు దాటితే రోజుకు 500 బాత్‌ల జరిమానా.

సంక్రాంతికి ఇంటికి రావాలనుందా? ముందే రీ-ఎంట్రీ పర్మిట్ తీసుకోండి. ఒక ప్రయాణానికైతే 1,000 బాత్‌లు. అది లేకుండా విమానం ఎక్కారో, పొడిగింపు పోయినట్టే. మళ్లీ కొత్త వీసాతో కథ మొదటికి!