గడ్డి పటుక్కుమంటేనే అగ్గి

కాలిఫోర్నియాలోని శాక్రమెంటో లోయలో వరి రైతు కోసిన పొలానికి నిప్పు పెట్టాలంటే ముందు గడ్డి విరిచి చూడాలి. పైపైన ఎండిన పరకలు చాలవు. అడుగున ఉన్నదీ, మధ్యలోదీ, పొలంలో నాలుగు చోట్ల నుంచీ పిడికెడు చొప్పున తీసి గట్టిగా వంచాలి. పటుక్కున చప్పుడు చేస్తే ఆరినట్టు, మెత్తగా వంగిపోతే ఇంకా పచ్చి ఉన్నట్టు. దీన్ని అక్కడ 'క్రాకిల్ టెస్ట్' అంటారు. ఇది రైతుల చిట్కా కాదు, నిబంధనల్లో రాసి ఉన్న పరీక్ష.

చెవితో వినే ఈ పరీక్ష వెనక లెక్క ఉంది. కిలో ఎండుగడ్డి కాలితే సుమారు 14, 15 మెగాజౌళ్ళ వేడి వస్తుంది. గడ్డిలో తేమ ఉంటే ప్రతి కిలో నీటినీ ఆవిరి చేయడానికే అందులోంచి రెండు మెగాజౌళ్ళకు పైగా ఖర్చవుతుంది. ఆ మేరకు మంట చల్లబడుతుంది. చల్లబడిన మంటలో గడ్డి భగ్గుమనదు, రాజుకుంటూ పొగలు కక్కుతుంది. పూర్తిగా కాలని కర్బన పదార్థాలు సన్నని నుసిగా గాల్లోకి లేస్తాయి. వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండని ఆ పీఎం 2.5 నుసి ఊపిరితిత్తుల అట్టడుగుకు చేరుతుంది. అదే పొలం, అంతే గడ్డి. ఆరబెట్టడంలో ఓపిక పట్టిన రైతు పొగ తక్కువ, పట్టనివాడి పొగ ఎక్కువ.

నిప్పు ఏ గట్టు నుంచి పెట్టాలన్నదీ రైతు ఇష్టం కాదు. గాలివాటున అంటిస్తే మంట పరుగెత్తి క్షణాల్లో పొలం దాటేస్తుంది. వెనక సగం కాలిన గడ్డి చాలాసేపు పొగలు కక్కుతూనే ఉంటుంది. గాలికి ఎదురుగా అంటిస్తే మంట నెమ్మదిగా, గడ్డిని అడుగంటా కాల్చుకుంటూ కదులుతుంది. పని ఆలస్యం, పొగ తక్కువ. మన దగ్గర తొందరగా తెమిలిపోవాలని గాలివాటునే అగ్గి పెట్టడం మామూలు.

ఇన్ని చేసినా అసలు అనుమతి రైతు చేతిలో ఉండదు, ఆ రోజు ఆకాశం చేతిలో ఉంటుంది. రాష్ట్ర వాయు వనరుల మండలిలోని వాతావరణ నిపుణులు ఏ రోజుకారోజు పరిస్థితి చూసి, లోయ మొత్తానికి ఇవాళ ఇన్ని ఎకరాలు కాల్చుకోవచ్చని తేలుస్తారు. ఆ ఎకరాలను జిల్లాలు పంచుకుంటాయి. కొన్ని రోజులు సున్నా.

ఎందుకంత పట్టింపు? రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేసి చల్లబడుతుంది. దాన్ని తాకిన గాలి చల్లబడుతుంది, పైనున్న గాలి మాత్రం వెచ్చగానే మిగులుతుంది. మామూలుగా పైకి పోయేకొద్దీ చల్లగా ఉండాల్సింది తలకిందులవుతుంది కనుక దీన్ని ఉష్ణోగ్రతా విలోమం అంటారు. అడుగున బరువైన చల్లని గాలి, పైన తేలికైన వెచ్చని గాలి. గిన్నె మీద మూత పెట్టినట్టే. తెల్లవారుజామున లేచిన పొగ వంద, రెండొందల మీటర్లు పోయి అక్కడే పరుచుకుంటుంది. పొద్దెక్కి నేల వేడెక్కితే గాలి సుడులుగా పైకి లేస్తుంది, మధ్యాహ్నానికి పొగ కలిసే ఎత్తు కిలోమీటరు దాటుతుంది. సియెర్రా నెవాడా, కోస్ట్ రేంజ్ కొండల మధ్య ఇరుక్కున్న శాక్రమెంటో లోయలో కోతలు సెప్టెంబరు, అక్టోబరుల్లో వస్తాయి. రాత్రులు చల్లబడి విలోమం బలపడేదీ అప్పుడే.

నిపుణులు ఈ ఎత్తును గాలివేగంతో గుణిస్తారు. వచ్చినదాన్ని వెంటిలేషన్ ఇండెక్స్ అంటారు. పొగ కలిసే ఎత్తు 200 మీటర్లు, గాలి సెకనుకు 1 మీటరు అయితే సూచీ 200. మధ్యాహ్నం ఎత్తు 1500, గాలి 4 అయితే 6000. తెల్లవారుజామున కాల్చిన ఎకరం గడ్డి మధ్యాహ్నం కాల్చిన ముప్ఫై ఎకరాల పాటి పొగ పెడుతుందన్నమాట.

అలాగని గాలి ఎంత ఎక్కువుంటే అంత మంచిదా? పొగ మాట అంతే. మంట మాట వేరు. పొగ చెదరడానికి కావలసిన ఎండా గాలీ నిప్పురవ్వలను పక్క చేలోకి మోసేవి కూడా. మనవాళ్ళు సాయంత్రం చల్లబడ్డాక కాలుస్తున్నారంటే మంటకు జడిసే. అప్పుడు మంట లొంగుతుంది, పొగ మాత్రం రాత్రంతా ఊళ్ళోనే ఉంటుంది. ఎక్కడైనా తగలబెట్టే వేళల నిబంధన ఈ రెండు భయాల మధ్య చేసుకున్న రాజీయే. ఉదాహరణకు అమెరికాలోనే మసాచుసెట్స్‌లో కొమ్మా రెమ్మా కాల్చుకోవడానికి జనవరి 15 నుంచి మే 1 వరకు, ఉదయం 10 నుంచి సాయంత్రం 4 లోపు, ఇళ్ళకు 75 అడుగుల దూరంలో, అగ్నిమాపక శాఖ అనుమతితోనే వీలు. ఎండుటాకులకు అదీ లేదు. బోస్టన్ నగరంలో అసలే కుదరదు.

మళ్ళీ వరిగడ్డికి వద్దాం. వేళలు పాటించినా శాక్రమెంటో నగరానికి పొగ తప్పలేదు. 1991లో ఏటేటా కాల్చడం తగ్గించే చట్టం వచ్చింది. 2001 నుంచి కాండం కుళ్ళు వంటి తెగులు ఉందని తేలిన పొలాలకే అనుమతి, అదీ పావు వంతుకు మించకుండా. శిలీంధ్రపు బీజాలు గడ్డిలోనే దాక్కుని మరుసటి పంటకు ఎక్కుతాయి కనుక ఆ మినహాయింపు సబబే. మిగతావాళ్ళు గడ్డిని తొక్కించి చలికాలమంతా నీళ్ళు నిలబెట్టారు. గడ్డి కుళ్ళింది, వలస బాతులు లక్షల్లో వాలాయి. నీటి అడుగున కుళ్ళే గడ్డి మీథేన్ వదులుతుంది, ఆ సంగతి బాతుల ఫొటోల్లో కనిపించదు.

మన వైపు చెత్త బహిరంగంగా తగలబెడితే 5 వేలు, పెద్ద ఎత్తున అయితే 25 వేల రూపాయల జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే చెప్పింది. నిషేధం ఉంది, గాలి లెక్క లేదు. 2018లో భోగినాటి ఉదయం పొగా మంచూ కలిసి చెన్నై విమానాశ్రయంలో విమానాలు నిలిచిపోయాయి. భోగి మంటలు వేసేది సరిగ్గా విలోమం గట్టిగా ఉండే వేళలోనే మరి.

ఢిల్లీకి మన వాతావరణ శాఖ వెంటిలేషన్ ఇండెక్స్‌ను ముందుగానే చెబుతోంది. అది 6000 కంటే తక్కువై, గాలి గంటకు 10 కిలోమీటర్లు దాటకపోతే కాలుష్యం చెదరదని హెచ్చరిస్తుంది. జిల్లాల రైతులకు మంగళ, శుక్రవారాల్లో వ్యవసాయ వాతావరణ బులెటిన్లు ఎలాగూ వస్తున్నాయి. గడ్డిని కట్టలు కట్టే బేలర్లు ప్రతి ఊరికీ అందేదాకా కొయ్యకాళ్ళు కాలుతూనే ఉంటాయి. యాసంగి కోతల నెలల్లోనైనా ఆ బులెటిన్లలో ఈ అంకె ఒకటి చేర్చాలి. అంతవరకు, కాల్చక తప్పదనుకునేవాళ్ళు కనీసం తెల్లవారుజామునా, పొద్దుగూకాకా అగ్గిపెట్టె తీయకండి.